ఆరున్నొకటి

ఇందాక వంటింట్లో బియ్యం కొలుస్తున్న చప్పుడు వినిపించింది. నా మనవరాలు కొత్త బస్తా విప్పి, కొలిచే పడితో డబ్బాలోకి పోస్తోంది. బియ్యంలోకి పడి దిగేటప్పుడు ఒక చప్పుడు, డబ్బాలోకి జారేటప్పుడు ఇంకో చప్పుడు, వాటి వెనకే ముక్కుకు తగిలే తవుడు వాసన. నేను మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని వింటున్నాను. ఐదు అంది, ఆరు అంది, ఆ తర్వాత ఏడు అంది. "ఏడు అనగూడదు పాపా, ఆరున్నొకటి అనాల" అన్నాను. "ఏంటికవ్వా?" అంది. ఎందుకో చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది? కాసేపటికి అది పడి చేతిలో పట్టుకుని నా మొహం చూసి, "పో అవ్వా, నీ మాటల్లో పడి లెక్క మరిచిపోయినాను. మళ్లా మొదట్నుంచి కొలవాల" అంది. అంతే, నా నోరు మూతపడింది. నేను అలా ఠక్కున ఆగిపోవడం దానికి వింతగా తోచినట్టుంది. "ఏమైందవ్వా?" అని వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం కాలేదు, ఒక డాక్టరమ్మ గుర్తుకొచ్చింది, కాగితం తెచ్చుకో, చెబుతాను అన్నాను. ఇది హోసూరులో తెలుగు బడిలో చదివింది. నాకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. నా మాటల్ని పుస్తకాల భాషలోకి దిద్ది రాస్తానంది. సరేగాని, ఎవరు ఏ మాట ఎలా అన్నారో ఆ మాట మాత్రం అలాగే ఉంచు అన్నాను.

మీ తాత ధర్మపురిలో ఒక మండీలో ధాన్యం కొలిచేవాడు. ఆ కాలంలో తూకం లేదు, అంతా కొలతే. వల్లం అని ఇంత పెద్ద కొలపాత్ర ఉండేది. రాశి ముందు గొంతుక్కూర్చుని, వల్లం నింపి, అరచేత్తో పైన మట్టంగా కోసి, బస్తాలో పోస్తూ లెక్క పైకి చెప్పాలి. చెప్పడం కాదు, పాడినట్టే ఉండేది. మొదటి వల్లానికి ఒకటి అనరు, లాభం అంటారు. ఒకటి అంటే ఒంటరి మాట, లాభం అంటే వెనక ఇంకా వస్తుందని. ఆరు తర్వాత ఏడు అనరు. అన్నం పెట్టే గింజ ముందు కూర్చుని ఏడు, ఏడు అంటే ఏడవమని చెప్పినట్టే కదా. అందుకని ఆరున్నొకటి అంటారు. "లాభం... లాభమో లాభం... రెండు... రెండో రెండు..." అని మీ తాత గొంతు మండీ బయట చింతపండు బండ్ల దాకా వినిపించేది. రైతుకూ ముదలాళికీ ఇద్దరికీ ఆ గొంతు మీదే నమ్మకం. ముదలాళి అంటే మండీ యజమాని. యుద్ధం అయిపోయిన కొత్త అది, గింజ దొరకని కాలం. వల్లం ఒకటి అటూ ఇటూ అయితే కొట్టుకునేదాకా పోయేవాళ్లు.

అలాంటి మనిషి నల్లంపల్లి నుంచి రాగుల బండి మీద వస్తూ పడ్డాడు. బండి ఇరుసు విరిగి పక్కకు ఒరిగింది, తల వెళ్లి రాయికి తగిలింది. ఊళ్లో ఆస్పత్రికి తెచ్చినప్పుడు మాట లేదు, చూపు లేదు. నాకు అప్పటికి పెళ్లయి ఎంతో కాలం కాలేదు. కొన్నాళ్లకు కళ్లు తెరిచాడు, ఇంకొన్నాళ్లకు నన్ను గుర్తుపట్టాడు, లేచి నడిచాడు. అందరూ బాగైపోయాడన్నారు. కానీ పక్కన ఉండేదాన్ని కదా, నాకు తెలుస్తూనే ఉంది. చెంబు పట్టుకుని బయటికి వెళ్లినవాడు ఎందుకు వెళ్లాడో మరిచిపోయి తిరిగొచ్చేవాడు. ఉన్నట్టుండి కోపం వచ్చేది. ముదలాళి చూడ్డానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, నాతోనే అన్నాడు: "వీడు నాకు బిడ్డ లెక్కమ్మా. అయినా వల్లం చేతికిచ్చేది వేరే సంగతి. పని చేయగలడని ఆస్పత్రివాళ్లు చెప్పనీ, రేపే రమ్మంటా. చేయలేడంటే ఇంకొకడిని పెట్టుకోవాల్సిందే. కోతలు వస్తా ఉండాయి." మాకు సెంటు భూమి లేదు. ఆయనకు వచ్చింది ఆ ఒక్క పనే. అది కూడా పని అని కాదు, ఆయన గొంతు, ఆయన పేరు, అంతా అదే.

అప్పుడే ఆ ఆస్పత్రికి అనసూయ అని ఒక డాక్టరమ్మ వచ్చింది. చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగావిడ. యుద్ధంలో తలకు దెబ్బలు తగిలి వచ్చిన సిపాయిల్ని, ఎవరు ఏ పనికి పనికొస్తారో పరీక్ష పెట్టి చూసే చోట పనిచేసి వచ్చిందని చెప్పుకున్నారు. సన్నగా, పొడుగ్గా, నీలం అంచు తెల్ల చీరలో, చేతిలో ఒక చెక్కపెట్టెతో వార్డులోకి వచ్చింది. సూది లేదు, మందు సీసా లేదు, ఈ పెట్టేమిటా అని నేను చూస్తున్నాను. "మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగింది. మొగుడి పేరు నోటితో ఎలా చెబుతాం? "తీర్థమలై కొండ మీద ఉండే సామి పేరే డాక్టరమ్మా" అన్నాను. "ఆ సామి పేరేమిటి?" అంది. "అదే, మా యింటాయన పేరే" అన్నాను. ఆమె నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, "మీ ఇద్దరిలో రోగి ఎవరో ముందు తేల్చుకోవాలి" అంది. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ పెట్టెలో ఉన్నవి చెక్కముక్కలు. గుండ్రటివి, మూడు మూలలవి, నక్షత్రంలా ఉండేవి. ఒక పలకలో వాటికి సరిపోయే గుంటలు. రంగురంగుల దిమ్మెలు వేరే. ఆయనకు కోపం వచ్చింది. "నేను మండీలో కొలిచేవాణ్ణి. ఇది పిల్లకాయల ఆట" అన్నాడు. "అవునండీ, పిల్లలాటే. నాకోసం ఒకసారి ఆడండి" అంది ఆమె. అండీ అని ఆయన్ను పిలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆడాడు. నేను తలుపు దగ్గర కూర్చుని ముక్కలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. డాక్టరమ్మ ముక్కల వంక చూడనేలేదు. ఆయన చేతుల్ని చూస్తోంది. ఏ వేలు ముందు కదిలింది, తప్పు గుంటలో పెట్టాక తనే తీసుకున్నాడా, ఎవరో చెబితే తీశాడా, విసుగొచ్చినప్పుడు ఆగాడా, బలవంతంగా తోశాడా. మనిషి తలలోకి కిటికీ పెట్టి చూస్తున్నట్టు నాకు అనిపించింది. మంత్రగాళ్లను చూశాను, సోది చెప్పేవాళ్లను చూశాను. వాళ్లు మన మొహం చూసి చెబుతారు. ఈమె చేతులు చూసి, ఏమీ చెప్పకుండా, ఇంకా చూస్తూనే ఉంది.

మర్నాడు అంకెల పరీక్ష. "నేను కొన్ని అంకెలు చెబుతాను. నేను ఆగాక అవే మీరు చెప్పండి" అంది. నాలుగు, ఏడు, రెండు అంది. ఆయన "నాలుగు, ఆరున్నొకటి, రెండు" అన్నాడు. ఆమె కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి. ఒకటి, ఐదు, మూడు అంది. "లాభం, ఐదు, మూడు." ఆమె ఇంకా నిదానంగా, ఒక్కో అంకె విడివిడిగా, ఐదు, ఏడు, ఒకటి అంది. ఆయన కూడా అంతే నిదానంగా "ఐదు, ఆరున్నొకటి, లాభం" అన్నాడు. నాకు సంతోషంగా ఉంది, ఒక్కటీ తప్పలేదని. అది అయ్యాక ఆమె వెళ్లిపోతే ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని సణిగాడు. "చదువుకున్న మనిషి. మంచంలో ఉండేవాణ్ణి పట్టుకుని పొద్దున్నుంచి ఏడు, ఏడు అంటాదే. ఏడిస్తేగాని వదలదా?" "మెల్లగా మాట్లాడు, వినబడుతాది" అన్నాను. "వినబడనీ. నేను మటుకు ఆ మాట అననంటే అనను" అన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి కూర్చోమంది. తను కూడా కూర్చుంది. అలా పక్కన కూర్చుంటేనే నాకు భయమేసింది. "ఆయన చేతులు బాగున్నాయి నాగమ్మా. చూపు బాగుంది. కానీ నేను మూడు అంకెలు చెబితే ఆయన నాలుగు చెబుతున్నాడు. నేను చెప్పని మాట ఒకటి మధ్యలో వచ్చి దూరుతోంది. తలకు దెబ్బ తగిలిన సిపాయిల్లో ఇలాంటిది చూశాను. తాళంచెవి చూపిస్తే గరిటె అనేవాళ్లు. తప్పు అన్నామని వాళ్లకు తెలిసేది కాదు. లెక్క మీద నడిచే పని ఆయన చేయలేడు. తోట కాపలా లాంటి పని ఏదైనా చూసుకోవాలి" అంది. డాక్టరు చెప్పింది కాబట్టి నిజమే అనుకున్నాను. తల లోపల ఏదో పగిలింది, నాకు కనబడనిది ఆమెకు కనబడింది అనుకున్నాను. ఆమె లేచి రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "మిగతావన్నీ బాగుండి, ఈ ఒక్కటే ఇలా ఎందుకుంది?" అంది. నన్ను అడిగినట్టు లేదు, తనను తానే ప్రశ్నించుకున్నట్టు ఉంది.

ఆస్పత్రి వెనక రోగుల ఇంటివాళ్లు వంట చేసుకోవడానికి ఒక రేకుల కొట్టం ఉండేది. మర్నాడు అక్కడ మేము నలుగురు ఆడవాళ్లం రాగిపిండి కలిపి ఒకే కుండలో ముద్ద చేసుకుంటున్నాం. తీర్థమలై దగ్గర్నుంచి మాదమ్మ అని ఒక ముసలామె, మనవడికి జ్వరమని వచ్చి ఉంది. ఆమె పొయ్యి ఊదుతోంది, నేను గిన్నెతో పిండి కొలుస్తున్నాను. లాభం, రెండు, మూడు... ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. వెనక చెప్పుల చప్పుడు ఆగింది. చూస్తే డాక్టరమ్మ.

"ఇప్పుడేమన్నావు?"

"ఏమీ అనలేదు డాక్టరమ్మా. పిండి కొలస్తా ఉండాను."

"మళ్లీ అను."

మళ్లీ అన్నాను. ఆమె గబగబా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, వెనకా పక్కలా వేళ్లతో తడిమింది. "నీకెప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా?" అని అడిగింది. నేను బిక్కచచ్చిపోయాను. మాదమ్మ పొయ్యి ఊదడం ఆపి నవ్వింది. "దాని తలకేమీ కాలేదు తల్లీ. జబ్బంతా నోటికే. అది నిలపదు."

"నువ్వు లెక్కపెట్టమ్మా" అంది డాక్టరమ్మ. మాదమ్మ లెక్కపెట్టింది. లాభం అంది, ఆరున్నొకటి అంది. పక్కనున్న ఇంకో ఇద్దరిచేత కూడా చెప్పించింది. అదే లెక్క. "ఒకటి అనరా మీరు?" "ఒకటి అంటే ఒంటిగా నిలబడిపోతాది తల్లీ. లాభం అంటే తోడు తెస్తాది." "మరి ఏడు?" మాదమ్మ పక్కకు తిరిగి ఉమ్మింది. "పొయ్యికాడ ఆ మాట ఎత్తొద్దు. మీరు చదువుకున్నోళ్లు, మీ నోట్లో వస్తే వస్తాది. మేము అనం."

డాక్టరమ్మ అక్కడే ఉన్న రోలు అంచు మీద కూర్చుండిపోయింది. మొదట నవ్వింది, భుజాలు కదిలేలా నవ్వింది. "చెన్నపట్నంలో మా ఇంటికి బియ్యం బస్తాల్లో వచ్చేది. ఎవరైనా కొలవడం నేను చూడనేలేదు. పాపం ఆ మనిషిని పట్టుకుని రోజంతా ఏడవమన్నాను కదూ" అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఆయన తప్పు చెప్పలేదు నాగమ్మా. నేను తప్పు విన్నాను" అంది. అలాంటి మనిషి, చుట్టూ మసి పట్టిన పొయ్యిలు, మేము నలుగురం పిండి చేతులతో నిలబడి ఉన్నాం, మా ముందు ఆ మాట అంది. దాచుకుంటే మాకు తెలిసేదే కాదు. పెద్దవాళ్లు అలా అనడం నేను అదే మొదటిసారి వినడం. నేను వెంటనే ఆశగా, "అట్లయితే పని చేయగలడని రాసిచ్చేస్తారా?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా పరీక్ష తప్పని తెలిసింది. అంతే. ఆయన బాగున్నాడని ఇంకా తెలియలేదు" అంది. అప్పుడు ఆ మాట నాకు రాయిలా తగిలింది. దాని విలువ నాకు తర్వాత తెలిసింది.

మరుసటి సంత రోజు ఆమె మండీకి వెళ్లింది, నన్ను తోడు తీసుకుని. ముదలాళి కుర్చీ వేయిస్తే వద్దని, బస్తా మీద కూర్చుని, మీ తాత బదులు కొలుస్తున్న మనిషిని పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసింది. ఒక రైతు ఉండబట్టలేక, "ఏమి ముదలాళీ, డాక్టరును పిలిపించినారే. రాగులకు జొరమా?" అన్నాడు. "నీ రాగులకే. సగం పొట్టు, అందుకే నీరసంగా ఉండాయి" అన్నాడు ముదలాళి. అందరూ నవ్వారు, డాక్టరమ్మ కూడా నవ్వింది, కానీ కళ్లు కొలిచేవాడి మీంచి తియ్యలేదు. రైతు బేరమాడుతున్నాడు, బేరం కుదిర్చే తరగరి మధ్యలో దూరుతున్నాడు, ఎవరో పిల్లకు సంబంధం గురించి అడుగుతున్నారు, కొలిచేవాడు అందరికీ తల ఊపుతూ, నాలుగో నాలుగు, నాలుగో నాలుగు అని లెక్కను పట్టుకునే ఉన్నాడు. దారిలో ఆమె నాతో అంది: "ఆయన పని లెక్కపెట్టడం అనుకున్నాను. అది కాదు. లెక్క చెడగొట్టే మాటల మధ్య కూర్చుని లెక్కను వదలకుండా పట్టుకోవడం. నేను గదిలో తలుపు మూసి అడిగితే అదెలా తెలుస్తుంది?"

అప్పుడు పెట్టింది అసలు పరీక్ష. ముదలాళిని అడిగి ఒక బస్తా రాగులు, ఒక వల్లం ఆస్పత్రి వరండాలోకి తెప్పించింది. వల్లం చేతికి రాగానే ఆయన దాని అంచును బొటనవేలితో చుట్టూ ఒకసారి తడిమి చూసుకుని కూర్చున్నాడు. "లాభం... లాభమో లాభం..." ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతు. ఆమె వల్లానికొక చింతగింజ పక్కన పెడుతూ వచ్చింది. రాశి అయిపోయాక గింజలూ లెక్కా సరిపోయాయి. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. తర్వాత ఆమె వరండా పక్కన బకెట్లు దొర్లించమంది, గంట కొట్టమంది. ఆయన చలించలేదు. అప్పుడు నావైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు మాట్లాడు. ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే."

నాకేం తెలుసు, మాట్లాడాను. అత్తగారి కోడి పక్కింటి అటకెక్కి గుడ్లు పెడుతోందని, నల్లంపల్లిలో వాన పడిందని, ఆయన తమ్ముడు వచ్చి చూసి వెళ్లాడని. ఆయన నాలుగు అన్నాడు, మళ్లీ నాలుగు అన్నాడు, ఆ తర్వాత ఆరు అన్నాడు. వల్లం చేతిలో ఆగిపోయింది. రాగులు అంచు మీంచి కొంచెం కొంచెం జారుతున్నాయి. నా వంక చూసి, "నేను యాడ ఉండాను?" అన్నాడు. లెక్కలో ఎక్కడున్నానని. నేను అప్పటికే ఆగిపోయాను. డాక్టరమ్మ ఆయన చేతిలోంచి వల్లం నెమ్మదిగా తీసుకుని, "మీరు బాగా కొలిచారు. ఇక చాలు" అంది. ఆస్పత్రి వంటమనిషిచేత, మాదమ్మచేత కూడా ఇంకో పూట మాట్లాడించి చూసింది. చివరికి తేల్చి చెప్పింది. "చప్పుడుకు చెదరడు. మాటకు చెదురుతాడు. తెలిసిన గొంతయితే మరీ చెదురుతాడు. ఇది పోతుందో పోదో నేను చెప్పలేను."

నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. "బాగుండాడని ఒక మాట చెప్పండి డాక్టరమ్మా. మీరు చెప్తే ముదలాళి ఏమీ అడగడు. తక్కినది మేము ఎట్లో చూసుకుంటాం" అన్నాను. ఆమె నన్ను లేపింది. కోప్పడలేదు. "చెబుతాను. రేపు వెళతాడు. ఎల్లుండి సంతలో అందరి ముందు లెక్క తప్పుతాడు. కొలత తప్పినవాడని ఒకసారి పేరొస్తే ఆ తర్వాత బాగైనా ఈ జిల్లాలో ఎవరైనా ఆయనకు వల్లం ఇస్తారా?" అంది. ఇవ్వరు. అది ఆమెకంటే నాకే బాగా తెలుసు. మండీని ఒక్క పూట చూసి ఆమె అది పట్టుకుంది. పరీక్ష అంటే పనికొస్తాడు, పనికిరాడు అని రెండు మాటల్లో చెప్పేది అనుకున్నాను. ఎక్కడ కూర్చోబెడితే పనికొస్తాడు, అక్కడ ఏం లేకపోతే పనికొస్తాడు అని ఆమె వెతుకుతోంది.

మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని ముదలాళి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ముదలాళి తల గోక్కున్నాడు. "మండీలో మాట లేకుండా ఎట్ల తల్లీ? ఇది గుడి కాదే. గుళ్లోనే ఎవరూ నోరు మూసుకునేది లేదు." "మండీ అంతా వద్దు. ఆయన చుట్టూ ఒక చాపంత చోటు చాలు. మాట్లాడడానికి వచ్చేవాళ్లను ఎవరైనా చెయ్యెత్తి ఆపితే చాలు" అంది డాక్టరమ్మ. "ఎవరు ఆపేది?" నేను మీ తాత వెనక నుంచే, "నేను. గోనె మూతి పట్టుకునేదానికి మనిషి కావాల కదా, నేను పట్టుకుంటాను" అన్నాను. ముదలాళి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. "నువ్వా అమ్మా? నువ్వు బావి మలుపు తిరగకముందే నీ గొంతు ఈడికి వస్తాదే." మీ తాత కూడా తల వంచుకుని నవ్వాడు. ఆ డాక్టరమ్మ నవ్వలేదు. చెక్కముక్కలప్పుడు ఆయన చేతుల్ని చూసినట్టు నన్ను చూసింది. "ఈమె చేస్తుంది. ఆ రోజు వరండాలో ఆయన తడబడగానే ఈమె ఆగిపోయింది. నేను ఆపమనలేదు. ఆగడం తెలిసినవాళ్లే కాపలా కాయగలరు" అంది. ఆ రోజు ఆయనకే పరీక్ష అనుకున్నాను. పక్కనున్న నన్ను కూడా ఆమె చూసిందని, నాలో నాకే తెలియనిది ఒకటి ఏరి పక్కన పెట్టుకుందని అప్పుడే తెలిసింది.

అలా నేను మండీలోకి వెళ్లాను. ఆయన కొలిచినంతసేపూ గోనె మూతి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఖాళీగా ఉంచుకునేదాన్ని. ఎవరైనా దగ్గరికొస్తే అరచెయ్యి ఎత్తేదాన్ని. మాట అనేదాన్ని కాదు, దగ్గు వచ్చినా మింగేదాన్ని. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకే తెలుసు. దూరం నుంచి వచ్చే రైతులు నాకు ఊమచ్చి అని పేరు పెట్టారు. అంటే మూగది అని అరవంలో. ఒక పెద్దాయన నన్ను చూసి జాలిపడి, కొలత అయ్యేదాకా నా ఎదురుగా నిలబడి, "పావం, ఇంత లక్షణంగా ఉండే పిల్లకు మాట లేదే. తీర్థమలై సామికి మొక్కుకో తల్లీ, మాట వస్తాది" అని తమిళంలో నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడు. కొలత ముగిసింది. నేను ఊపిరి వదిలి, "మొక్కుకుంటాను అన్నా, నువ్వు ముందు బస్తా మూతి కట్టుకో, కోళ్లు వస్తా ఉండాయి" అన్నాను. ఆయన చేతిలో తాడు కింద పడిపోయింది. ఆ సామి మహిమ గురించి హరూరు దాకా చెప్పుకున్నారని తర్వాత విన్నాను.

రెండు కోతలు గడిచాయి. లెక్క తప్పలేదు. డాక్టరమ్మ మధ్యలో వచ్చి దూరంగా నిలబడి చూసి వెళ్లేది, ఏమీ అనేది కాదు. చివరిసారి వచ్చినప్పుడు తనను వేరే ఊరికి మార్చారని నాకు తెలియదు. ఆయన ఆరు పోసి, తర్వాతి వల్లం నింపి, చేత్తో కోస్తున్నాడు. ఆమె వెనక నుంచి వచ్చి, ఆయన్ను పేరు పెట్టి పిలిచి, "బాగున్నారా?" అంది. నా చెయ్యి లేచింది. ఆమె నా చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది. ఆయనకు ఆ గొంతు బాగా తెలుసు. ఆ గొంతే ఆయన్ను రోజంతా అంకెలు అడిగింది. ఆయన తల తిప్పలేదు. ఎడమచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. నేను చూపించినట్టే. "ఆరున్నొకటి..." అన్నాడు. "ఆరున్నొకటో ఆరున్నొకటి..." అని లెక్కను పట్టుకున్నాడు, పట్టుకునే వల్లం పోశాడు, మళ్లీ నింపాడు. "ఎనిమిది" అన్నాడు. బస్తా నిండేదాకా కొలిచి, వల్లం బోర్లించి, అప్పుడు లేచి చేతులు జోడించి, "బాగుండాను డాక్టరమ్మా. మీరు ఎట్ల ఉండారు?" అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది. "ఇక నువ్వు మాట్లాడవచ్చు నాగమ్మా" అని మాత్రం నాతో అంది. అంత కాలం బిగబట్టుకున్నదాన్ని, ఆ సమయానికి నాకు ఒక్క మాట దొరకలేదు. మీ తాత నన్ను చూసి, "చూసినారా, మాట్లాడొద్దంటే మింగలేక చచ్చింది, మాట్లాడమంటే ఊమచ్చి అయిపోయింది" అన్నాడు. అక్కడ ఆ మాట ఎవరూ అనలేదు, ఏడు అని. అయినా ఆమె కళ్లూ తడిశాయి, నా కళ్లూ తడిశాయి. ఆ తర్వాత ఆమెను మేము మళ్లీ చూడలేదు. కిలోలు వచ్చి వల్లం మూలపడేదాకా ఆయన కొలుస్తూనే ఉన్నాడు, నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయనకు లెక్క తప్పలేదు.

ఇప్పటికీ ఎవరైనా నేను అడిగినదానికి వంకర జవాబు చెబితే, తిట్టబోయి ఆగుతాను. వీడికి అర్థం కాలేదా, నేను అడగడమే వంకరగా ఉందా అని నా ప్రశ్నను ఒకసారి తిప్పి చూసుకుంటాను. అది ఆమె నాకిచ్చిపోయింది. ఇంకొకటి కూడా ఉంది. చేతిలో పని పట్టుకుని ఉన్న మనిషిని చూస్తే నా అరచెయ్యి తనంతట తనే లేస్తుంది, నా నోటికి నేనే అడ్డం పెట్టుకున్నట్టు. ఇందాక వంటింట్లో అది మరిచిపోయాను. కాగితం పక్కన పెట్టు పాపా. వెళ్లి మొదట్నుంచి కొలువు. ఆఖరి గింజ డబ్బాలో పడేదాకా నేను మాట్లాడను.